నీలం రంగు పూసిన తుపాకి గది

మా ఊరి ఒడ్డున ఇసుక దిబ్బ మీద ఒక సిమెంటు గది ఉంది. సముద్రం వైపు గోడకు జానెడు సందు ఉంది, అంతకు మించి కిటికీ లేదు. పెద్ద యుద్ధం రోజుల్లో జపాను వాళ్లు ఓడల్లో వచ్చి దిగుతారని, ఆ సందులోంచి కాల్చాలని దొరలు కట్టించారట. దానికి కంకర మోసిన మా అవ్వ, "మూరెడు మందం గోడలు కట్టినార్రా. వాళ్లేమో రానేలేదు. రాని చుట్టాలకు వండుకొని కూర్చున్నట్టయింది దొరల పని," అనేది.

నేను ఆరో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి చరిత్ర పాఠం దాకా చేరలేదు. ఆ గది మాకెందుకు కావాలో మాత్రం తెలుసు. వేట నుంచి తిరిగొచ్చే పడవలకు ఒడ్డు దగ్గర రెండు పక్కలా ఇసుక మేటలు అడ్డం. నడుమ ఒక్కటే లోతు దారి. ఊరి నీళ్ల ట్యాంకు సరిగ్గా తుపాకి గది నెత్తిన కూర్చున్నట్టు కనబడితే దారిలో ఉన్నట్టు. ట్యాంకు పక్కకు జరిగిందంటే పడవ మేట ఎక్కుతుంది, అలలు దాన్ని బోర్లేస్తాయి. ఫోన్లో మ్యాపు ఉంది కానీ, అది చూపే చోటుకీ మనమున్న చోటుకీ నాలుగు బారల తేడా. దారి వెడల్పే అంత.

ఈ వేసవిలో వేట నిషేధం రోజుల్లో పడవలకు రంగులేశాము. మిగిలిన రంగు పారేసే అలవాటు మా ఊళ్లో లేదు. తలుపులు, బోరింగు, గేదె కొమ్ములు, ఏది ఎదురైతే దానికి పూస్తాము. ఈసారి లేత నీలం రెండు డబ్బాలు మిగిలింది. పాచి పట్టి నల్లబడిన గదికి వేద్దామన్నది నేనే, రెండు సార్లు పూసింది నేనే. అందరూ మెచ్చుకున్నారు.

నిషేధం ముగిసిన మొదటి రోజు, ఉదయం పది గంటలకు ఏడు పడవలు తిరిగొచ్చి మేటల అవతలే ఆగిపోయాయి. ఎండ మసకగా ఉంది. దక్షిణపు గాలి లేస్తోంది. ముందు పడవలోంచి నా భార్య తమ్ముడు ఫోన్ చేశాడు.

"బావా, గది యాడికి పోయినాది?"

"యాడికి పోతాది, ఈడనే ఉండాది."

"ట్యాంకు కనబడతా ఉంది. దాని కింద ఉత్త ఆకాశమే. నువ్వు పూసింది ఏం రంగు?"

చెప్పాను. పడవలో నలుగురూ ఒకేసారి తిట్టారు. ఎవరి తిట్టు వారిదిగా విడివిడిగా వినబడింది. శత్రువు కంటికి ఆనకుండా దొరలు దానికి ఇసుక రంగు వేయించారట. వాళ్లు సగం చేసి వదిలిన పనిని నేను పూర్తి చేశాను.

గాలి పెరిగితే పడవలు బయట నిలవలేవు, తోచిన వైపు తోలితే మేటే గతి. "ఎవురూ కదలొద్దు, పది నిమిషాలు," అని చెప్పి ఇంటికి పరుగెత్తి, దండెం మీది ఎర్ర చీర లాగాను. నా భార్య అడ్డొచ్చింది.

"అది మా అమ్మ పెట్టిన చీర."

"ఆమె కొడుకు కోసమేలే."

సంగతి చెప్పాక ఇంకో ఎర్ర చీర కూడా తెచ్చింది. ఇద్దరం గది పైకెక్కాము. వల కర్రలకు కట్టిన చీరలు గాలికి చుట్టుకుపోతుంటే, ఒక కొస నా నడుముకు బిగించి, చేతులు చాచి నేనే గుంజలా నిలబడ్డాను. ఆమె ఫోన్ చెవికి పెట్టుకొని, ట్యాంకు ఎర్ర చీర నెత్తిన కనబడేలా రమ్మని ఒక్కో పడవనూ పిలిచింది.

నాలుగోది వచ్చేసరికి భుజాలు పట్టేశాయి.

"కాసేపు దించు," అంది.

"ఏడోది వచ్చిందాకా దించేది లేదు."

"పెళ్లయినాక నువ్వు ఒకచోట ఇంతసేపు నిలబడింది ఇదే," అంది. కానీ తను కూడా కూర్చోలేదు.

ఏడూ వచ్చాయి. నల్ల రంగు తెచ్చి పైన పూస్తే, నున్నటి నీలం మీద అది నిలవక మర్నాటికే పెచ్చులూడింది. ఇనప బ్రష్షు తీసుకొని నీలమే గీకడం మొదలుపెట్టాను. సాయం వస్తామన్న వాళ్లను రానివ్వలేదు. గీకడం అయ్యేదాకా పడవలు వేటకు పోయిన ప్రతిరోజూ చీర పట్టుకొని నిలబడ్డాను.

ఐదో రోజు పని అయిపోయిందన్నాను. బామ్మర్ది నమ్మలేదు. నన్నే పడవెక్కించి మేటల అవతలికి తీసుకుపోయాడు.

"ఎడం మూల ఇంకా మిగిలింది బావా."

"నీలం కనబడతా ఉందా?"

"కనబడితే బాగుండు. ఆ మూల గోడే లేదు."

చూశాను. నిజమే, లేదు. పడవను ఒడ్డుకు తిప్పమని చెప్పి, ఒళ్లో ఉన్న బ్రష్షు చేతిలోకి తీసుకున్నాను.