నాడె చదువు

జైబున్ ఆపా చాపమీద కూర్చోబెడితే మేకపిల్లకైనా అరబీ అక్షరాలు అలిఫ్, బే వస్తాయని భవానీ పేట్‌లో ప్రతీతి. ఇవాళ ఆ పేరుకే గండం. మరమగ్గం ఆపి వచ్చిన లతీఫ్, తన ముందు కూతురు కుడి నుంచి ఎడమకు చదివే ఖాయిదా, అదే అక్షరాల పుస్తకం, చదవకపోతే రేపటి నుంచి పంపనన్నాడు.

చిన్నారి మెహర్ మొదటి వరుస కుడి నుంచి గడగడా చదివింది. రెండోది ఎడమ నుంచి అందుకుంది. “ఖే, హే, జీమ్!”

ఆపా ఆమె వేలు పట్టి ఆపింది. “ఏందే, ఉల్టా చదువుతున్నవ్?”

“దారం పట్కొని అటు పోయిన నాడె అటు నుంచే వాపస్ రావాలె గద! అబ్బా మగ్గం గట్లనే నేస్తది.”

లతీఫ్ పకపకా నవ్వాడు.

“గిది వేరే మగ్గం బేటీ,” అంది ఆపా. “దీని నాడె ఖాళీగ వాపస్ వస్తది. మల్ల కుడి దిక్కు నుంచే నేయాలె.”

మెహర్ వేలిని ఉత్తగా వెనక్కి జరిపి, “జీమ్, హే, ఖే” అంది.

“రేపు చిన్నోన్ని గూడ తోల్త ఆపా!” అన్నాడు లతీఫ్.

“వానికి పండ్లు రానియ్యి ముందు!”