ఊపిరి వదిలి తీసిన ఫొటో

"గడ్డం పైకెత్తండి. భుజాలు ముందుకి. గట్టిగా ఊపిరి పీల్చండి. బిగబట్టండి. కదలకండి."

ఇరవై నాలుగేళ్ళుగా పెద్దకోడలు చేసే ఉద్యోగమంతా ఈ అయిదు మాటల్లోనే ఉంది. ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల పక్కన, కిటికీ లేని ఎక్స్‌రే గది ఆమెది. తెల్లవారి ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా డ్యూటీ. నిద్రలో కూడా "కదలకండి" అంటుందని, తమ ఇంట్లో దోమ కుట్టినా గోక్కోవడానికి లేదని ఆమె భర్త చుట్టాలందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది, కానీ కొద్దిగా. ఏదైనా కొద్దిగానే చేసే మనిషి.

చిన్నకోడలు ఈమెకి పూర్తిగా వ్యతిరేకం. ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. తడి జుట్టు, పెద్ద గొంతు, మెడలో ఈల. తెల్లవారి నాలుగున్నరకే స్కూటర్ తీసుకుని వెళ్ళిపోతుంది, పదింటికి వచ్చి వండుకుని, తిని, మళ్ళీ మూడింటికి బయల్దేరుతుంది. అంటే పెద్దకోడలు గేటు తీసే వేళకి ఆమె స్కూటర్ బయటికి తోస్తూ ఉంటుంది. ఒకే ఇంట్లో ఎనిమిదేళ్ళు ఉన్నారన్న మాటే గానీ, ఇద్దరూ ఎక్కువగా మాట్లాడుకున్నది ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితాలతోనే. "అత్తయ్య మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారు." "పాలు కాచాను, చల్లారాక లోపల పెట్టండి." "గ్యాస్ అయిపోవచ్చింది." పోట్లాట లేదు, చనువూ లేదు. చిన్నకోడలు ఆమెని "అక్కా" అనేది, "మీరు" అనేది. ఎనిమిదేళ్ళకీ అది అక్కడే ఆగిపోయింది.

కిరణాలు తగలకుండా వేసుకునే సీసపు కోటు రోజంతా మోసి మోసి పెద్దకోడలి నడుము పట్టేసింది. ఈత కొడితే మంచిదని డాక్టరు అన్నాడు. "అయితే మా కొలనుకి రండి" అంది చిన్నకోడలు. అలా నలభై ఆరేళ్ళ వయసులో, ఆదివారాలు, ఏడేళ్ళ పిల్లల పక్కన నిలబడి నీళ్ళలో ముఖం పెట్టడం నేర్చుకుంది పెద్దకోడలు. ఆ కొలనులోనే వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున తిరగడం నేర్పేవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. అదీ నేర్చుకుంది. ఎందుకంటే, నీళ్ళలోకి దిగగానే నడుము ఉందన్న సంగతే మర్చిపోయేది.

ఆ యేడు చిన్నకోడలూ, ఆమె భర్తా కలిసి సముద్రం మీద ఆరు రాత్రులు పడవలోనే ఉండి నీళ్ళకింద తిరిగే యాత్ర ఒకటి కుదుర్చుకున్నారు. ఆ వారం అందులో నీళ్ళకింద ఫొటోలు తీయడం నేర్పుతారు. అతగాడికి కెమెరాల పిచ్చి. కొత్త కెమెరా, దానికి నీళ్ళు చొరబడని పెట్టె, అన్నీ అమర్చుకున్నాడు. తీరా బయల్దేరే ముందు చెవి నొప్పని చూపించుకుంటే, కర్ణభేరికి సన్నని చిల్లు పడిందని, ఆర్నెల్లు తలస్నానం కూడా జాగ్రత్తగా చెయ్యాలని తేలింది.

"సీటు ఖాళీగా పోనివ్వడం దేనికి? పెద్దదాన్ని తీసుకెళ్ళు" అంది అత్తగారు, ఆ మాటతో చర్చ ముగిసినట్టు.

మరిది కెమెరా తెచ్చి పెద్దకోడలి చేతిలో పెట్టాడు. "వదినా, దీన్ని పసిబిడ్డలా చూసుకోవాలి. మూతకి ఈ రబ్బరు రింగు ఉంది చూశావా? దీని మీద ఒక్క వెంట్రుక పడిందా, నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి."

"ఇంత భయపెట్టి ఇస్తావేం? నువ్వే ఉంచుకో."

"లేదులే వదినా. నా బదులు అది తిరిగొస్తుంది."

పడవ చిన్నది. పద్నాలుగు మంది ప్రయాణికులు, కింద అగ్గిపెట్టెల్లాంటి గదులు, గదికి ఒకదాని మీద ఒకటి రెండు మంచాలు. వెనక డెక్ మీద వరసగా సిలిండర్లు, తాళ్ళకి వేలాడుతూ నీళ్ళలోకి వేసుకునే రబ్బరు సూట్లు. కెమెరాల కోసం తువ్వాళ్ళు పరిచిన ఒక పెద్ద బల్ల, దాని కింద మంచినీళ్ళ తొట్టి. ఫొటోలు నేర్పే మాస్టారు అరవై దాటిన బక్కపలచటి మనిషి. ఎప్పుడు చూసినా ఏదో రాతి కింద పీత ఎదురుగా బోర్లా పడుకుని కనిపిస్తాడని పడవ వాళ్ళు ఆయన్ని పీత మాస్టారు అనేవాళ్ళు. ఆయన ముందే అలా అనేవాళ్ళు, ఆయన పలికేవాడు.

మొదటిరోజు పాఠంలో ఆయన చెప్పింది కాస్తే. లోతుకి వెళ్ళేకొద్దీ ముందు ఎరుపు పోతుంది, అందుకని వెలుతురు మనమే తీసుకెళ్ళాలి. ఫ్లాష్ ఎదురుగా కాకుండా పక్కనుంచి పడాలి, లేకపోతే నీళ్ళలోని నలుసులన్నీ వెలిగి ఫొటో నిండా పిండి చల్లినట్టు ఉంటుంది. దగ్గరకి వెళ్ళాలి, దగ్గరకి వచ్చామనుకున్నాక ఇంకాస్త దగ్గరకి వెళ్ళాలి. దేన్నీ ముట్టుకోకూడదు.

పెద్దకోడలు అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంది. పక్కనుంచి పడే వెలుతురు, నీడలు, ఇదంతా తనకి తెలిసిన సంగతేనని లోలోపల కొంచెం ధైర్యం కూడా వచ్చింది. రెండో రోజు సాయంత్రం మాస్టారు ఆమె ఫొటోలు తెర మీద ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. నీలం. నీలం. నీలంలో ఒక తోక. మసగ్గా ఇంకో తోక.

"అమ్మా, చేపల తోకల మీద మీకింత శ్రద్ధ ఉందని నాకు తెలియదు" అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చిన్నకోడలు నవ్వలేదు. "మొదటిసారి కదండీ, వస్తుంది" అంది గబుక్కున. పెద్దకోడలు తల వంచుకుని రబ్బరు రింగు తుడవడంలో పడింది. తనని వెనకేసుకొచ్చి ఒకరు మాట్లాడటం విని చాలా ఏళ్ళయింది.

మూడో రోజు పొద్దున తాబేలు కనిపించింది. పన్నెండు మీటర్ల లోతులో, రాతి అంచున కూర్చుని, ఎవరినీ లెక్కచెయ్యకుండా ఏదో కొరుక్కుంటోంది. పెద్దకోడలు మెల్లగా దగ్గరకి వెళ్ళింది. కెమెరా తెరలో తాబేలు కన్ను కనిపించింది, ముడతలు పడ్డ కన్ను. ఇంకాస్త దగ్గరకి వెళ్దాం అనుకుంది. నిండా ఊపిరి పీల్చి, బిగబట్టి, బొత్తాం నొక్కింది. మళ్ళీ నొక్కింది. తాబేలు ఎందుకో చిన్నదైపోతోంది. అది కిందికి వెళ్తోందేమో అనుకుంది. నిజానికి లోపల ఆపిన ఊపిరికి తనే తేలి పైకి లేచిపోతోంది.

ఎవరో ఆమె కాలికి తొడుక్కున్న రబ్బరు రెక్క పట్టుకుని బలంగా కిందికి లాగారు. తిరిగి చూస్తే, మాస్క్ అద్దం వెనక చిన్నకోడలి కళ్ళు ఇంతలేసి అయి ఉన్నాయి. ఛాతీ మీద చేత్తో చరిచి, నోటి దగ్గర వేళ్ళు విప్పి చూపిస్తోంది. వదులు. ఊపిరి వదులు. పెద్దకోడలు వదిలింది. ఒక్కసారిగా బోలెడు బుడగలు పైకి వెళ్ళిపోయాయి.

డెక్ ఎక్కి సిలిండర్ దించకముందే చిన్నకోడలు విరుచుకుపడింది. "బుద్ధుందా నీకు? నీళ్ళకింద ఊపిరి బిగబట్టి పైకొస్తే ఏమవుతుందో నీకు చెప్పాలా? నీకేమన్నా అయితే నేను ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళాలి? బావగారికి ఏం చెప్పాలి?"

పెద్దకోడలికి ఏమవుతుందో తెలుసు. ఊపిరితిత్తి బుడగలా ఉబ్బి చిట్లుతుంది. చిట్లిన ఊపిరితిత్తి ఫిల్మ్ మీద ఎలా కనిపిస్తుందో ఆమెకి తెలిసినంత ఆ పడవలో ఎవరికీ తెలియదు. పక్కటెముకల వెనక సన్నని గీతలేవీ లేకుండా ఉత్త నలుపు. ఆ నలుపు తలుచుకోగానే బెంచీ మీద కూర్చుండిపోయింది.

పీత మాస్టారు వచ్చి కెమెరా ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. కోపం లేదు గొంతులో. "రేపంతా ఇది నా దగ్గర ఉంటుందమ్మా. మీరు ఊరికే తిరగండి" అన్నాడు.

సాయంత్రం ఇద్దరూ పడవ ముందు భాగంలో కూర్చున్నారు. చిన్నకోడలు రెండు కప్పుల్లో టీ తెచ్చి, ఒకటి అందించింది.

"అక్కా, పొద్దున ఏదో కంగారులో నోరు జారాను. ఏమీ అనుకోకండి."

"ఏ మాటకి?"

"అదే... నువ్వు అన్నాను కదా."

"అలాగే అను" అంది పెద్దకోడలు. "నువ్వు 'మీరు' అన్నప్పుడల్లా చేతిలో చీటీ పట్టుకుని పేషెంటు వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది నాకు. చాలాసార్లు చెబుదామనుకున్నాను. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి ఏం అంటిస్తాం?"

చిన్నకోడలు టీ పొలమారి దగ్గింది. నవ్వు ఆగాక అడిగింది. "సరే. మరి నువ్వెందుకు ఊపిరి ఆపుతున్నావు? కొలనులో ఎప్పుడూ ఆపలేదు."

పెద్దకోడలు తన చూపుడువేలు చూసుకుంది. "అక్కడ నా చేతిలో బొత్తాం లేదు" అంది. "నా గదిలో పేషెంటుని బిగబట్టమన్నప్పుడు నేనూ బిగబడతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన్ని ఆయాసం వచ్చేదాకా ఆపేశాను. ఏడుపొచ్చింది నాకు. అప్పటినుంచీ నేను ఎంత ఆగగలనో వాళ్ళనీ అంతే ఆపుతాను. ఇరవై నాలుగేళ్ళు, రోజుకి అరవై మంది. వేలు బొత్తాం మీద పడితే చాలు, ఛాతీ దానంతట అదే ఆగిపోతుంది."

చిన్నకోడలు ఆమె వైపు కొత్తగా చూసింది. ఎనిమిదేళ్ళుగా ఈమెని కాస్త బిగుసుకున్న మనిషి అనుకుంటూ వచ్చింది.

"మా పిల్లలు కూడా నీళ్ళలో ముఖం పెట్టగానే ఊపిరి ఆపేస్తారు" అంది. "వదలండిరా అంటే వదలరు. అందుకని కూనిరాగం తియ్యమంటాను. రాగం తీస్తూ ఊపిరి ఆపడం ఎవరి తరమూ కాదు. నువ్వూ నొక్కేముందు ఊఁ అను."

"చేపల ముందా?"

"అవి ఇంటికొచ్చి చెప్పవులే."

నాలుగో రోజంతా పెద్దకోడలు ఖాళీ చేతులతో తిరిగింది. చిన్నకోడలు పట్టుకున్న టార్చి వెలుతురులో నీలంగా కనిపించే రాయి ఒక్కసారిగా ఎర్రగా మారేది. కెమెరా లేకపోతే తొందర లేదు. ఒక్కోచోట పది నిమిషాలు ఆగి, వేలు ముడిచి బొత్తాం నొక్కినట్టు నటిస్తూ ఊఁ అనుకుంది. కళ్ళు మాత్రం అన్నిటినీ ముందుకన్నా నిదానంగా చూశాయి. ఇసుక మీద ఒక చిన్న కన్నం, దాని గుమ్మంలో వేలెడు చేప, కన్నంలోంచి ఇసుక ఎత్తి బయట పోస్తున్న రొయ్య.

పైకి వచ్చాక మాస్టారిని అడిగితే చెప్పాడు. ఆ రొయ్యకి చూపు దాదాపు ఉండదు. రోజంతా కన్నం తవ్వుతుంది. చేప కాపలా ఉంటుంది. రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా తన మీసం చేప మీద ఆనించే ఉంచుతుంది. చేప తోక ఆడించిందా, ప్రమాదం, ఇద్దరూ లోపలికి. ఇద్దరికీ ఒకటే ఇల్లు.

"ఒకరు తవ్వుతుంటే ఒకరు గేటు దగ్గరా?" అంది చిన్నకోడలు. "తోడికోడళ్ళేమో అడగండి."

అయిదో రోజు కెమెరా తిరిగి చేతికొచ్చింది. పెద్దకోడలు ఇంకెటూ పోలేదు. తిన్నగా ఆ కన్నం దగ్గరకి వెళ్ళి, కాస్త ఎడంగా ఇసుక మీద బోర్లా పడుకుంది. పక్కన చిన్నకోడలు టార్చి వాలుగా పట్టుకుంది. వీళ్ళని చూసి చేప లోపలికి దూకింది. ఆగారు. ఆమెకి ఆగడం కొత్త కాదు. ఎనిమిది నిమిషాలకి చేప తల బయటపెట్టింది, కానీ సరిగ్గా అప్పుడే పెద్దకోడలు ఊఁ అని మొదలుపెట్టింది. నీళ్ళలో ఆ చప్పుడు ఈగ మోతలా పక్కనే వినిపించేసరికి చిన్నకోడలికి నవ్వాగక మాస్క్‌లోకి నీళ్ళొచ్చేశాయి. టార్చి ఊగింది. చేప మాయం.

మళ్ళీ ఆగారు. ఈసారి చేప వచ్చాక రొయ్య కూడా వచ్చింది, రెండు చేతులా ఇసుక మోసుకుంటూ, మీసం చేప తోక మీద వేసి. పెద్దకోడలు కూనిరాగం తీస్తూనే ఉంది. బుడగలు సన్నగా చెంప పక్కనుంచి పోతున్నాయి. వేలు ఎప్పుడు నొక్కిందో ఆమెకే తెలియలేదు.

ఆఖరి సాయంత్రం అందరూ తలా ఒక ఫొటో తెర మీద చూపించారు. తాబేళ్ళు, చేపల గుంపులు, ఎర్రటి పగడాలు. ఆమె వంతు వచ్చినప్పుడు మాస్టారు తెర దగ్గరకి నడిచి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుని, మీసం చేపని తాకిన చోట చూశాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు.

"నేను నలభై ఏళ్ళుగా తీస్తున్నాను దీన్ని" అన్నాడు. "ఎప్పుడూ కొంచెం తొందరపడి తీస్తాను."

పెద్దకోడలు కొద్దిగా నవ్వబోయింది గానీ, ఆ నవ్వు ఆమె మాట వినలేదు.

ఇంటికొచ్చాక మరిది ముందు కెమెరా తిప్పి తిప్పి చూసుకుని, ఆ తర్వాత వదిన వైపు చూశాడు. అత్తగారు ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "ఏమిటే ఇది, రొయ్యా? కూరకి సరిపోతుందా?"

"గరిటెలోకి కూడా రాదత్తయ్యా" అంది చిన్నకోడలు.

"మరి దీనికోసమా ఆరు రోజులు పోయారు?" అని, అంతలోనే మంచం మీద జరిగి చోటిచ్చింది. "సరే, మొదట్నుంచి చెప్పండి."

ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే పెద్దకోడలు మరిది దగ్గర కెమెరా అడిగి తీసుకుని కొలనుకి వెళ్తుంది. మొదటిసారి నీళ్ళలో కళ్ళు తెరిచే పిల్లలకి ఎదురుగా, నాలుగడుగుల లోతులో మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీస్తుంది. ఉబ్బిన బుగ్గలు, పైకి లేచిన జుట్టు, ముక్కులోంచి బుడగలు. చిన్నకోడలు వాటిని బట్టలు మార్చుకునే గది పక్క గోడ మీద అంటిస్తుంది. పిల్లలు తడి కాళ్ళతో వచ్చి, తమది ఎక్కడుందో వెతుక్కుంటారు.