అయిదో గట్టు పెళ్ళికొడుకు

జూలూరుపాడులో ఎక్కిన ఆటో ఏన్కూరు చేరకుండానే పంక్చరయింది. ఒకచోట నిలబడి ఉండడం నా ఒంటికి పడదు. పుస్తకం చదవడం కూడా నడుస్తూనే. అలా రెండుసార్లు కాలువలో పడ్డాను. దిగి నడక మొదలుపెట్టాను. ఖాళీ గంప చంకన పెట్టుకొని ఇంకొకావిడ వెంట దిగింది.

"పెద్దాయనా, టీవీ జూస్తవా నువ్వు?"

"అప్పుడప్పుడు."

"అయితే నాకో సంగతి జెప్పు."

ఆమె జంపక్క. అడవి గడ్డితో చీపుళ్ళు కట్టి జూలూరుపాడులో అమ్ముతుంది. అది రెండువేల నాలుగు, పత్తి ఏరే కాలం. వాళ్ళ గూడేనికి కరెంటు లేదు. ఈమె టీ హోటల్లో టీవీ చూసి వచ్చి చెబితే గూడెమంతా వింటుంది. పత్తి చేలో ఆమె పక్క సాలు కోసం ఆడవాళ్ళు పోట్లాడుకుంటారు.

ఏళ్ళ తరబడి టీవీ సీరియల్లో ఒకే కుటుంబాన్ని ఏడిపించి పేరు తెచ్చుకున్న ఒక దర్శకుడు ఆ ఏడు వింత పని చేశాడు. ఆదివారానికో కథ, వచ్చే వారం వేరే ఊరు, వేరే మనుషులు. పట్నంలో ఆహా అన్నారు. గూడెంలో మాత్రం కథలోకి ఎవరొచ్చినా "ఏ గట్టోళ్ళు?" అని అడుగుతారు. కోయవాళ్ళలో గట్టు అంటే అంకెతో పిలిచే వంశం. ఒకే గట్టువాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళాడరు. అది తేలందే కథ సాగదు. అందుకని టీవీలో వచ్చిన ప్రతివాళ్ళకీ జంపక్కే ఒక గట్టు ఇస్తూ వచ్చింది.

"మొన్న సగం కథల కరెంటు వొయింది. పోరడూ పోరీ ఊకె కొట్లాడుకుంటుర్రు. అన్నాచెల్లెళ్ళే అనుకొని ఇద్దరిదీ అయిదో గట్టని జెప్పిన. ఇయ్యాల అదే కథ మళ్ళేసిర్రు. ఆఖరికి లగ్గం జేసుకున్నరు!"

నాకు నవ్వాగలేదు.

"నవ్వకు. గిట్ల జెప్తే మా లాలి వదినె ఇంక నా కథ వినదు."

"పెళ్ళి కాలేదని చెప్పేయ్."

"కండ్లార జూసినంక అబద్ధమాడాల్నా?"

"పోనీ, గట్టు మార్చు. నువ్వు పెట్టిందేగా."

"గట్టు మారుద్దా యాడన్నా? చదువుకున్నోనివి, గదేం మాట!"

చాలా దూరం నడిచాక పెళ్ళికొడుకు ఎలా ఉంటాడని ఊరికే అడిగాను.

"బక్కగ, ముక్కు మీద మచ్చ..." అంటూ టక్కున ఆగింది. "ఓరి! మూడు వారాల కింద గోదాట్ల దుంకిన పోలీసోడు వీడే గద! వానిది నాలుగో గట్టని అప్పుడే జెప్పిన. ఆ పోరి తల్లి వీనికి మేనత్త, ఆమె ఇంట్ల పెరిగిండు, గందుకే అయిదో గట్టోడనుకున్నం!"

ఆ దర్శకుడు అన్ని కథల్లోనూ అవే నటుల్ని తిప్పితిప్పి వాడుకుంటాడని చెప్పబోయి మింగేశాను.

"కానీ జంపక్కా, ఆ పోలీసు చచ్చిపోయాడుగా?"

"పీనుగను జూపెట్టిర్రా?"

ఆ వారం నేనూ చూశాను. గుర్తుచేసుకుంటే నిజంగానే చూపించలేదు. ఆ మాట అందామని తలతిప్పేసరికి పక్కన మనిషి లేదు. టేకు చెట్ల మధ్య కాలిబాటలో జంపక్క గంప నెత్తిన బోర్లించుకొని, ఎదురుగా లాలి ఉన్నట్టే చేతులు తిప్పుతూ పోతోంది.