మా చెలకకు నంబరున్నదని తెల్వదు

సర్కారు భూమి వాపసు ఇస్తదంటే నమ్మినోళ్లల్ల నేనొకదాన్ని. ఇప్పుడు ఆ ముచ్చట ఎత్తితే మా ఇంట్ల చిన్నోళ్లు లేచి అవతలికి పోతరు. పోనీ. రాసుడు వచ్చినంక ఒక సుఖమున్నది, వినేటోళ్లు లేకున్నా చెప్పొచ్చు.

తొంభైలల్ల సంగతి. మా ఆయన పోయినంక ఊర్ల ఉండలేక పట్నం వచ్చి, యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సుల చపాతీలు చేస్తుంటి. అడిక్‌మెట్‌ల ఒక రేకుల అర్ర కిరాయికి తీసుకున్న. మధ్యాహ్నం మెస్సు పని తెగినంక తార్నాకకు నడిచిపోయి ఒక ఇంట్ల అంట్లు తోమేదాన్ని. ఆ ఇంటాయన కర్నూలు దిక్కు మనిషి. రెవెన్యూల పెద్ద కొలువు చేసి రిటైరై, తార్నాకలనే ఇల్లు కట్టుకున్నడు. నేను సారు అనేది.

నాకు అక్షరాలు నేర్పింది హాస్టల్ పిల్లలు. సాయంత్రం మెస్సు పనోళ్లందరినీ వరండాల కూసోబెట్టి పలకలు ఇచ్చిన్రు. అప్పటికే నాకు మనవరాలున్నది. అది, నేను ఒక్కటే ఏడు 'అ ఆ' దిద్దినం. నాకు మాటలు కూడబలుక్కునుడు వచ్చింది పుస్తకాలతోని కాదు, యూనివర్సిటీ గోడలతోని. గోడల నిండ ఎర్ర అక్షరాలుండేవి. దున్నేటోళ్లకే భూమి అని ఒక గోడ మీద పెద్దగ రాసి ఉండె. వేలు పెట్టి చదివి నవ్వుకున్న. ఊర్ల మా చెలక దున్నేటోడు పెద్ద భూములున్న పటేల్. ఆయన ట్రాక్టరుతోనే దున్నుతడు. గోడ రాసిన పిల్లగాండ్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలె?

మా మామకు సర్కారు మూడెకరాల చెలక, అంటే మెట్ట భూమి, ఇచ్చింది. లావణి పట్టా అంటరు. భూమి లేనోళ్లకు సర్కారు రాసిచ్చే భూమి. కుంట పక్కన ఉంటది గనక ఎర్రకుంట చెలక అనేది మేము. అండ్ల రాళ్లే ఎక్కువ. నేను కాపురానికి వచ్చిన కొత్తల రాళ్లు ఏరీ ఏరీ నా గోర్లు అరిగినయి. ఒక కరువు ఏడు మామ పటేల్ ఇంట్ల జొన్నలు అప్పు తెచ్చిండు. "ఈ ఒక్క కారు పంటకు నేను దున్నుకుంట తియ్యి" అన్నడు పటేల్. ఆ కారు ఇంక అయిపోలేదు. మామ పోయిండు, మా ఆయన పోయిండు, పటేల్ కారు మాత్రం నడుస్తనే ఉన్నది.

ఒకనాడు అంట్లు తోముకుంట ఈ ముచ్చట సారు భార్యకు చెప్తున్న. పేపరు చదువుతున్న సారు తల ఎత్తిండు.

"ఏమ్మా, అది అసైన్డ్ భూమేనా?"

"ఏమో సారూ, సర్కారు ఇచ్చింది."

"అదేలే. దాన్ని ఎవురూ కొనేకి లేదు, అమ్మేకి లేదు. ఎవురు పట్టుకున్నా గవర్నమెంటు పీకి మళ్లా మీకే ఇయ్యల్ల. చట్టముంది."

"చట్టమున్నట్టు పటేల్‌కు తెల్సా సారూ?"

"వానికి మీకన్నా ముందే తెలుసు" అన్నడు. లోపల నుంచి ఆయన భార్య గట్టిగ నవ్వింది.

సారే అర్జీ రాసిండు. కింద నా పేరు నేనే రాసిన, గీత దాటిపోయింది గని రాసిన. తర్వాత ఎన్నిసార్లు ఉప్పల్ పోయి బస్సెక్కిననో, మండలాఫీసు చెట్టుకింద ఎన్ని పొద్దులు కూసున్ననో, అదంత రాస్తే చదివేటోళ్లకు కూడ విసుగొస్తది. ఆఖరికి ఆర్డరు వచ్చింది. భూమిని పాత పట్టాదారు వారసులకు అప్పగించాలె అని ఉండె. వారసులంటే మా ఆయన తరఫున నేను, ఆయన అన్న, అంటే మా బావ. ఆ పూట మెస్సుల చపాతీలు మాడినయి. పిల్లలు అవే తిన్నరు.

ఆర్డరు కాగితాన్ని సందుగల పెట్టి, ఊరికి పోయేటామెతోని బావకు కబురంపిన. "ఎర్రకుంట చెలక మనకు వస్తున్నది" అని. ఇంక ఏ దినమో పిలుస్తరు, పోయి నిలబడుడే అనుకున్న.

పిలిచిన్రు కూడ. నాకు తెల్వదు, అంతే.

భూమి అప్పగించే దినం చెప్పాలంటే ఆఫీసోళ్ల పద్ధతి ఊర్ల డప్పు సాటింపు, పంచాయతీ తలుపుకు ఒక కాగితం. మా ఊర్ల డప్పు కొట్టేది మా బావనే. వాళ్ల తాతల నాటి పని. ఆఫీసు మనిషి ఏ మాట చెప్తే ఆ మాటే అరవాలె, సొంతం ఒక్క మాట కలపొద్దు. బావ చావిడి కాడ, బజారు మొదట్ల, పటేళ్ల వాకిళ్లల్ల నిలబడి డప్పు కొట్టి అరిసిండు. ఫలానా సర్వే నంబరు వారసులు మంగళారం పొద్దున మోకా మీద హాజరు కావాలె అని. మోకా అంటే ఆ భూమి కాడ. మా వాడకు రాలేదు. డప్పు కొట్టేటోళ్ల వాడల సాటింపు ఏంది? ఎవరూ ఎప్పుడూ ఎయ్యలేదు.

ఊర్ల మాసొంటోళ్లకు భూమి పేరుతోని తెలుస్తది. పుట్టచెలక, మామిళ్ల మడి, ముసలోని గడ్డ, ఎర్రకుంట చెలక. నంబరు పటేళ్లకు తెలుస్తది, ఆఫీసుకు తెలుస్తది. మా బావ తన భూమి నంబరు తనే ఊరంత అరిసి, ఇంటికొచ్చి డప్పును గోడకు తగిలేసి, మంగళారం ఎవరి చేన్లకో కూలికి పోయిండు.

ఎన్నాళ్లయినా పిలుపు రాకపోతే నేనే మండలాఫీసుకు పోయిన. గుమాస్తా ఫైలు తీసి చూసిండు.

"మీరు రాలేదు కదమ్మా. పిలిచినా రాలేదు, భూమి మీద ఇష్టం లేదు అని రాసుకున్నం."

"ఎప్పుడు పిలిచిన్రు?"

"సాటింపు ఏయించినం."

"ఎవరు ఏసిన్రు?"

"ఇంకెవరు, మీ ఊరి డప్పాయన."

"ఆయన మా బావ."

గుమాస్తా పెన్ను కింద పెట్టి పక్క టేబులాయనను పిలిచిండు. "విన్నరా అన్నా? ఇంటి మనిషే డప్పు కొట్టి చెప్తే ఇనపడలేదట!" మళ్ల నా దిక్కు తిరిగి, "ఇంక మేమొచ్చి బొట్టువెట్టి పిలవాల్నా అవ్వా?" అన్నడు. అందరూ నవ్విన్రు. ఏం చెప్పినా వాళ్లకు ఇంకింత నవ్వులాటయితుండె.

అటు నుంచి అటే ఊరికి పోయి బావ మీద పడ్డ.

"నీ భూమి నంబరు నీకు తెల్వదా బావా?"

"నంబరు నీ సందుగల పెట్టుకొని నన్నడుగుతవేంది? నాకు చెలక అని కబురంపితివి, నంబరంపితివా?"

"సాటింపుల ఎర్రకుంట చెలక అనొచ్చు కదా ఆఫీసోళ్లు?"

"ఆ మాట వాళ్లనడుగు." బావ చుట్ట ముట్టిచ్చిండు. "పటేల్ వాకిట్లనే నిలబడి ఉండె. నేను అరుస్తుంటే మీసం కింద నవ్విండు. నా గొంతు బొంగురుపోయినందుకు అనుకున్న. ఎందుకు నవ్విండో ఇప్పుడు సమజయితున్నది."

తార్నాకకు వచ్చి సారుకు చెప్పిన. సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"వాళ్లు చేసింది రూల్ ప్రకారం తప్పు లేదమ్మా. టాంటాం వేసినారు, నోటీసు అంటించినారు. ఇంగేం చెయ్యల్ల?"

"మాకు తెల్వాలె సారూ. అది చెయ్యల్ల."

"సర్వీసులో మేమూ అట్లనే చేసినాము" అన్నడు, కొంచెం కోపంగనే. నేను గిన్నెలు చప్పుడు చేసుకుంట తోమిన. ఆయన భార్య వచ్చి, "రాయండి ఇంకో అర్జీ, ఏం పోయింది మీకు" అని ఆయన్ను గదమాయించింది. రాసిండు.

ఆ మధ్యల యూనివర్సిటీల పెద్ద మీటింగు అయింది. పేదోళ్లకు వాపసు ఇచ్చిన భూముల గురించి. మా మెస్సు నుంచే అన్నాలు పంపిన్రు, నేను వడ్డించబోయిన. టై కట్టుకున్న ఒకాయన మైకుల ఎంత భూమి వాపసు ఇచ్చిన్రో చదివిండు, అందరూ చప్పట్లు కొట్టిన్రు. మా మూడెకరాలు అందుల కలిపిన్రో లేదో అడుగుదామనిపించింది. ఆయన పెరుగు వద్దన్నడు, నేను ముందుకు పోయిన.

ఇంకో ఏడు గడిచినంక రెండో పిలుపు వచ్చింది. ఈసారి సారు ఎవరికో ఫోను చేస్తే, వాళ్లు దినం చెప్పిన్రు. బావకు నంబరు, పేరు, వారం అన్నీ చెప్పిచ్చిన. ఇద్దరం పొద్దుగాలనే పోయి చెలక కాడ నిలబడ్డం. భూముల లెక్క చూసే గిర్దావరు వచ్చిండు, కొలిచేటాయన వచ్చిండు. హద్దు రాళ్లు చూపిచ్చిన్రు. ఏం చూపిస్తరు, చెలక నిండ పత్తి నా నడుము దాకా ఉన్నది. పటేల్ జీతగాడు ఒడ్డు మీద కూసోని మమ్ములనే చూస్తున్నడు.

"పైరు నిలబడ్డది కదా, ఇప్పుడెట్ల దిగుతరు?" అన్నడు గిర్దావరు. "పత్తి ఏరుడు అయినంక మీ భూమి మీరు దున్నుకోండ్రి. ఇప్పటికి దీని మీద వేలుముద్ర ఏసి పోండ్రి."

"నాకు సంతకమొస్తది" అన్న. పెన్ను ఇచ్చిండు. సంతకం చేసేటోళ్లు చదవాలె గదా, చదివిన. నా చదువు నిదానం. గిర్దావరు గడియారం చూసుకుంటున్నడు, కొలిచేటాయన బీడీ తాగొచ్చిండు. ఆ కాగితంల ఏమున్నదంటే, పైరు లేని ఖాళీ భూమిని వారసులకు స్వాధీనం చేసినము అని ఉన్నది.

"పైరు లేదని రాసిన్రేంది సారూ? మరి నా కొంగుకు తగుల్కుంటున్నది ఏంది?"

"ఫార్మాటు అట్లనే ఉంటదమ్మా. అందరికీ అదే."

"భూమి ఇచ్చినప్పుడు పెడ్త సంతకం."

"పెట్టకపోతే తీసుకోనన్నదని రాయాల్సొస్తది, మళ్ల నన్ను అనొద్దు."

బావ నా పక్కకొచ్చి మెల్లగ అన్నడు. "పెట్టి పారేయి మరదలా. కాగితమన్న చేతికొస్తది. దాన్ని పట్టుకొని కొట్లాడొచ్చు."

"ఇచ్చినమని ఉన్న కాగితం పట్టుకొని, ఇయ్యలేదని ఎట్ల కొట్లాడుతవ్ బావా?"

"నీకు నాలుగక్షరాలు వచ్చినయని మమ్ముల ముంచుతవా?" అని కాగితం గుంజుకొని పోయి వేలు ముంచి ముద్ర ఏసిండు. నేను ఎయ్యలేదు. గిర్దావరు నిలబడే రాసుకొని జీపెక్కిండు.

పత్తి ఏరిన్రు. పత్తికట్టె పీకక ముందే ఆఫీసరు బదిలయిండు. పటేల్ ట్రాక్టరు మళ్ల దిగింది. బావ ఆఫీసుకు పోతే, "నీ సగం నీకిచ్చినం, ఇగో నీ ముద్ర" అన్నరట. నేను పోతే, "నీ సగం నువ్వే వద్దన్నవ్" అన్నరు. సారు ఇంకో అర్జీ రాస్తనన్నడు గని, ఆ ఏడు ఆయనకు కండ్ల ఆపరేషన్ అయింది. తర్వాత ఆయన అడగలేదు, నేను అడగలేదు.

ఒకసారి ఇద్దరం ఒక్క దినమే ఆఫీసుకు పోయినం, చెప్పుకోకుండనే. బల్ల మీద ఈ కొసకు నేను, ఆ కొసకు ఆయన. బావనే ముందుగాల అడిగిండు.

"గెలిచినవా మరదలా?"

"నువ్వు గెలిచినవా?"

ఆఫీసరు రాలేదు ఆ దినం, రాత్రికి నేను ఊర్లనే ఉన్న. ఊర్ల పత్తి ఏరుటానికి మనుషులు దొరుకుతలేరని పటేల్ మా వాడకు కబురంపిండు. మర్నాడు పొద్దున బావ గోనెసంచి నడుముకు కట్టుకొని ఎర్రకుంట చెలకకు కూలికి పోయిండు. నేను పట్నం బస్సెక్కిన.