మూడో రాజు చివరి అంకం

మా వైపు పద్యనాటకంలో రాజు ఒక్కడు కాదు, ముగ్గురు. మొదటి రాజు సభలో పాడతాడు, రెండో రాజు అడవికి పోతాడు, మూడో రాజు చివరికి తిరిగొస్తాడు. పుస్తకంలో మాత్రం రాజు ఒక్కడే. పద్యాలన్నీ ఒక్క మనిషి పాడలేడని, పాడగలిగిన వాళ్లందరికీ తలా ఇంత వేషం దక్కాలని పెద్దలు చేసుకున్న ఏర్పాటు ఇది. పొడుగ్గా అడవికి పోయిన రాజు పొట్టిగా తిరిగొచ్చినా, పోయేటప్పుడు లేని పొట్ట వచ్చేటప్పుడు ఉన్నా, మార్కాపురం చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఇదేమిటని అడిగేవాళ్లు లేరు. నేను అడిగేవాణ్ణి. తెలుగు పంతులుగా బతికినవాణ్ణి, పుస్తకంలో ఉన్నది స్టేజీ మీద లేకపోతే నాకు ఒళ్లు మండుతుంది.

మూడో రాజు మా ఊరి మామ. చుట్టరికం ఏమీ లేదు, వాళ్ల ఇల్లు చర్చి పక్కన, మాది ఊరి నడుమ. అయినా చిన్నప్పటినుంచి ఆయన నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి. నాకు ఉద్యోగం వచ్చాక మర్యాద కోసం దాన్ని ‘అల్లుడు సారు’ చేశాడు. పలకల గనిలో రాయి కొట్టేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. నాటకం మొదట్లో అందరూ దేవుడి పద్యం పాడుతుంటే వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడేవాడు. తెర లేచాక ఆయన రాజు. అందులో ఆయనకు గాని, ఊరికి గాని ఇబ్బందేమీ కనబడలేదు.

కంచు గొంతు. అలాంటి గొంతు ఉండి కూడా జనం నోట ఆయన పేరు ఎప్పుడూ వినపడలేదు. కారణం మా జనమే. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని కేక వేస్తారు. కేక పడ్డాక నటుడు మళ్లీ పాడి తీరాలి, పాడకపోతే ఎంత పొగరు అంటారు. మొదటి రాజుకు కేకలు, రెండో రాజుకు కేకలు. వాళ్లిద్దరూ రాగం ఎత్తుకుంటే మనం బజారుదాకా పోయి టీ తాగి, బీడీ కాల్చుకుని తిరిగి రావచ్చు, ఆ రాగం ఇంకా అక్కడే ఉంటుంది. మూడో రాజు వంతు వచ్చేసరికి సగంమంది వెళ్లిపోయేవాళ్లు, మిగిలిన సగం గోనెపట్టాల మీద నిద్ర. ఇక చాల్లే ముగించండని తిరునాళ్ళ కమిటీవాళ్లు పక్కనుంచి చేతులు ఊపేవాళ్లు. పొద్దుగూకినప్పుడు రంగు పూసుకుని కూర్చున్న మనిషి ఒక్క పద్యం గబగబా అప్పజెప్పి మంగళం పాడేవాడు. వయసంతా అట్లాగే గడిచింది.

ఆ నాటకం ప్రాణమంతా ఆ చివరి అంకంలోనే ఉంది. రాజ్యం పోగొట్టుకున్న రాజు ముసలితనంలో తన కోట గుమ్మం ముందుకు వస్తాడు. కాపలావాడు ఎవరు నువ్వు అంటాడు. రాజు చెప్పడు. చెప్పకుండానే నాలుగు పద్యాలు పాడతాడు, ఆ గోడల గురించి, ఆ గుమ్మం కట్టిన కూలీల గురించి. బడిలో పిల్లలకు చదివి వినిపించేటప్పుడు మూడో పద్యం దగ్గర నా గొంతు బొంగురుపోయేది. దాన్ని స్టేజీ మీద నేనెప్పుడూ వినలేదు.

మొదటి రాజు చనిపోయాడు. రెండో రాజు హైదరాబాదులో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లాడు. నాటకం ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఒకరోజు మామ మా ఇంటికి వచ్చాడు. నాలుగు మెట్లెక్కి అరుగు మీద కూలబడ్డాడు, ఆయాసం తగ్గేదాకా మాట్లాడలేదు.

“ఒంగోలు డాక్టరు చెప్పినాడు సారూ. ఊపిరితిత్తుల్లో పలక దుమ్ము పేరుకుందంట. అది పోయేది కాదంట.”

మందులు వాడుతున్నావా అని అడిగాను.

“మందులు వాటి పని అవి చేస్తాయి లే. నేను వచ్చింది దానికి కాదు. ఈ తిరునాళ్ళలో చివరి అంకం ఒక్కసారి జనం ముందర పూర్తిగా పాడాలని ఉంది. మళ్లా తిరునాళ్ళకు నాకు గాలి ఉంటదో ఉండదో.”

అప్పుడు నాకు ఏడుపూ వచ్చింది, ఉత్సాహమూ వచ్చింది. రాజు ఒక్కడే మిగిలాడు కాబట్టి పుస్తకంలో ఉన్నట్టే మొదటినుంచి చివరిదాకా ఒక్క రాజుతో నాటకం వేద్దామన్నాను. చివరి అంకం ఒక్కటే వేస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది. ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు, తోచినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ముందు సింహాసనం మీద చూడని రాజును గుమ్మం ముందు చూసి ఎవరు బాధపడతారు?

ఆదివారం ప్రార్థన అయిపోయాక చర్చి వెనక రేకుల షెడ్డులో సాధన చేసేవాళ్లం. నేను పెట్టిన షరతు ఒక్కటే. ముందు అంకాల్లో రాగం తీయకూడదు. మాటలాగా, అర్థం తెలిసేలాగా పద్యం చెప్పి ఊరుకోవాలి. ఉన్న ఊపిరి మొత్తం చివరికి దాచుకోవాలి. వన్స్ మోర్ అంటే తల వంచి దణ్ణం పెట్టి ముందుకు పోవాలి. మామ బుద్ధిగా తల ఊపేవాడు. సభ పద్యాలు గొంతు తగ్గించి, ఇంట్లో మాట్లాడుకున్నట్టు చెప్పేవాడు. ఆశ్చర్యంగా, అవి ఇంకా బాగుండేవి. గిద్దలూరు నుంచి పిలిపించిన హార్మోనిస్టుకు మాత్రం ఇది నచ్చలేదు.

“ఏంది సారూ, రాగం లేకుండా పద్యమా? ఉప్పు లేని కూరా?” అనేవాడు.

“ఉప్పు చివర్లో వేస్తాం, నువ్వు తొందరపడొద్దు” అనేవాణ్ణి.

అత్త, అంటే మామ భార్య, షెడ్డు గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ వినేది. చివరి అంకం పద్యాలు నాలుగూ ఆయన ఏ తడబాటూ లేకుండా పాడిన రోజు ఆమె చేతిలో పని ఆపేసింది. “ఇన్నాళ్లూ ఇది ఏడ దాచిపెట్టినావు?” అని మొగుణ్ణి కసిరింది. నేను ఇంటికి నడుస్తూ రోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నా జీవితంలో పుస్తకం నుంచి ఒక మంచి సంగతి బయటికి రాబోతోందని నమ్మాను.

తిరునాళ్ళలో కమిటీ మాకు సాయంత్రం వేళ ఇచ్చింది. మా తర్వాత డ్యాన్సు ప్రోగ్రాం ఉంది, పోలీసులు చెప్పిన టైముకు మైకులు ఆపేయాలి. జనం బాగా వచ్చారు. అర్ధవీడు వైపునుంచి గొర్రెలవాళ్లు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. వాళ్లు నాటకానికి వచ్చారో డ్యాన్సుకు వచ్చారో నేను అడగలేదు.

తెర లేచింది. కిరీటం పెట్టుకున్న మామ మొదటి పద్యం అనుకున్నట్టే మెల్లగా చెప్పాడు. జనం నిశ్శబ్దంగా విన్నారు. రెండో పద్యం చివర గొంతు కొద్దిగా పైకి వెళ్లింది, అంతే. ముందు వరసలోనుంచి ఒక ముసలాయన లేచి “వన్స్ మోర్!” అన్నాడు. ఆ వెంటనే నాలుగు పక్కలనుంచి కేకలు.

మామ నావైపు చూశాడు. తెర పక్కన నిలబడి వద్దు వద్దని చెయ్యి ఊపాను. ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ఎవరైనా ఆ కేక తన కోసం వేయడం ఆయన జన్మలో అదే మొదలు. ఆయన వంతు వచ్చేసరికి ఎప్పుడూ అందరూ నిద్రలోనే ఉండేవాళ్లు మరి. ఈలోగా హార్మోనిస్టు, చేతి అలవాటు కొద్దీ, శ్రుతి ఎత్తి ఇచ్చేశాడు. మామ నావైపునుంచి తల తిప్పేసుకున్నాడు.

పాడాడు. ఈసారి రాగంతో. నిజం చెప్పాలంటే అంత గొప్పగా ఆ పద్యం ఎవరూ పాడి ఉండరు. నాకు కోపం ఒకపక్క, ఆనందం ఒకపక్క. మళ్లీ కేక, మళ్లీ పాడాడు. అడవి అంకంలోనూ అంతే. తెర పడినప్పుడు వెనక కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాను.

“మామా, చాలు. ఇంక దాచుకో.”

“అడుగుతున్నారు సారూ” అన్నాడు. నవ్వుతున్నాడు. పెదాలకు పూసిన రంగు కింద నీలం కనబడింది.

చివరి అంకానికి కిరీటం తీసేసి చింకి శాలువా కప్పుకున్నాడు. గుమ్మం ముందుకు నడిచాడు. కాపలావాడు ఎవరు నువ్వు అన్నాడు. మామ నోరు తెరిచాడు. గాలి లోపలికి పోలేదు. దగ్గు వచ్చింది. మొదట జనం అదీ నటనే అనుకుని చప్పట్లు కొట్టారు. దగ్గు ఆగలేదు. వంగి మోకాళ్లు పట్టుకున్నాడు. నేను తెర వేయమన్నాను. మామ లేచి, వద్దని చెయ్యి అడ్డంపెట్టి, నా చంకలోని పుస్తకం వైపు వేలు చూపించాడు. చదవమని.

మైకు ముందుకు వెళ్లి చదివాను. బడిలో చదివినట్టే చదివాను, వేరే నాకేం చేతనవును? మామ గుమ్మం ముందు కోటగోడ బొమ్మ వేసిన చెక్కను పట్టుకుని నిలబడి, ప్రతి పాదానికీ పెదాలు కదిపాడు. రెండో పద్యం సగంలో ఉండగా వెనక డ్యాన్సువాళ్లు స్పీకర్లు సరిచూసుకోవడం మొదలుపెట్టారు. జనం లేచి కుర్చీలు ముందుకు జరుపుకుంటున్నారు. కమిటీ అబ్బాయి వచ్చి “సారూ, టైం అయిపోతాంది, తొందరగా కానీండి” అన్నాడు. నేను తొందరపడలేదు. మూడో పద్యం దగ్గర నా గొంతు బొంగురుపోలేదు కూడా. కాగితం మీద అక్షరాలు వరసగా వచ్చాయి, వరసగా పోయాయి.

ఆ తర్వాత మామ పాడలేదు, చర్చిలో కూడా. ఇప్పుడు మంచం పక్కన గాలి మిషను ఉంది, దాని చప్పుడు బజార్లోకి వినపడుతుంది. మొన్న వెళ్లినప్పుడు అత్త టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. మామ ముక్కుకున్న గొట్టం పక్కకు జరిపి మెల్లగా అడిగాడు.

“ఆరోజు నువ్వు చదివినావు గదా, నాలుగు పద్యాలు. జనం విన్నారా?”

“విన్నారు మామా. చివరిదాకా విన్నారు. ఒక్కరు కూడా కదల్లేదు” అన్నాను.

ఆయన గొట్టం మళ్లీ ముక్కుకు తగిలించుకున్నాడు.

“నేను ఆడనే ఉంటి గదా సారూ” అన్నాడు.