రెండువైపులా టక్‌మనాలి

విజయనగరంలో కొత్త హెల్మెట్ కొనుక్కుని గజపతినగరం బస్సెక్కాను. గడ్డం దగ్గరి భాగం పైకి లేచే రకం ఏరికోరి తీసుకున్నాను. మా వైపు దారిలో కనబడిన ప్రతివాడూ "ఎక్కడికి బావా?" అంటాడు. జవాబు చెప్పకుండా పోతే పొగరంటారు. నోరు మూసేసే హెల్మెట్ మాకెలా పనికొస్తుంది?

పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. ఆమెకి పప్పుల కొట్టు ఉందట.

"ఏటి బాబూ, ఇది నోరు తెరుస్తాదా?" అంది.

గర్వంగా ఎత్తి చూపించాను. ఆమె నవ్వలేదు.

"మా ఆయనదీ ఇలాటిదే. ఎవుడో పలకరిస్తే తెరిసినాడు, మూసీడం మరిసిపోనాడు. అలాగే పోయి గేదెని గుద్దినాడు. ముందు పళ్ళన్నీ పోనాయి. ఇప్పుడు అన్నం మెత్తగా పిసికి పెడతన్నాను."

హెల్మెట్ నా చేతుల్లోంచి లాక్కుని, నిండు బస్సులో నా తలకే తొడిగింది. పట్టీ బిగించి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపింది. వదులు లేదు. అప్పుడు ముందుభాగం కిందికి నొక్కింది. ఎడమవైపు కొక్కెం పడి టక్‌మంది.

"కుడేపు సప్పుడేదీ?" అని మళ్ళీ నొక్కింది. టక్.

"ఆఁ, రెండూ ఇనబడాల. బండాపి మాటాడు, మూసి కదులు."

ఇప్పటికీ దారిలో ఎవరు పిలిచినా బండి ఆపి, ముందుభాగం ఎత్తి తీరిగ్గా మాట్లాడతాను. రెండువైపులా చప్పుడు విన్నాకే గేరు వేస్తాను. ఊళ్ళో నన్ను టక్‌టక్ బావ అంటారు. అననీండి. జంతికలు ఇంకా నా పళ్ళతోనే కొరుకుతున్నాను.