వంటింటి గుమ్మంలో ఫ్రెంచి జ్యామితి

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగిందన్న కబురు నాకు మొదట తెచ్చింది గంగులమ్మ. కడప జిల్లా మనిషి, మా హవల్లీ వీధిలోనే ఒక అరబ్బుల ఇంట్లో పని. కబురుతోపాటు తోపుడుబండి మీద నిండు బియ్యం పీపా కూడా తెచ్చింది. ఆ పీపాతో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నాకు వంటింటి ఛాయలకు రావద్దని శిక్ష వేస్తారు.

“అక్కా, మా మామావాళ్లు సౌదీకి ఎల్లిపోయినారు. బియ్యం నన్నే తీస్కపొమ్మన్యారు. సిపాయిలు ఇల్లిల్లూ దోస్తాండారంట, యాడన్నా దాయి!” పనిచేసే ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు.

మావారూ, నేనూ, గంగులమ్మా, మా ముగ్గురికీ ఇక అదే ఆధారం. వంటింట్లోకి చేర్చాలి. ఆ ఇరుకు గుమ్మంలో పడుతుందా?

నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన లెక్కలే. ఆయన రుణం తీరేది కాదు. మావారు మాత్రం లెక్కల మాస్టారు. ఎవరో ఫ్రెంచి పండితుడి ఆలోచన ఒకటి నాకు అంతకుముందే చెప్పి ఉన్నారు.

“ఒక లోకం ఊహించుకో. అంచుకి పోయేకొద్దీ చలి. చలికి మనుషులూ, వాళ్ల కొలబద్దలూ, సమస్తం ఒకే తీరున కుంచించుకుపోతాయి. వాళ్లకి తేడా తెలుస్తుందా?”

“తెలీదు. అడుగులూ చిన్నవవుతాయి కనక అంచే రాదు వాళ్లకి! అయితే వాళ్ల కొలతా, మన కొలతా, ఏది నిజమండీ?”

“ఏ జ్యామితి నిజమని కాదే, ఏది అనుకూలమని అడగాలి. భౌతికశాస్త్రానికి ఏది వీలో చూసి మనమే ఎంచుకుంటాం.”

ఎంత చల్లని మాట! టేపు కనబడలేదు గనక అనుకూలమైనది ఎంచుకున్నాను: మావారి పైజమా ఎలాస్టిక్కు. పీపాకి అడ్డంగా బిగలాగి, కొలతకి గుర్తుగా ముడి వేశాను. గుమ్మానికి వదులుగా పట్టాను. జానెడు చోటు మిగిలింది!

మావారు లోపలినుంచి లాగారు, మేం బయటినుంచి తోశాం. అలిగిన కొత్తల్లుడిలా పీపా గుమ్మంలోనే బిగుసుకుంది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు.

“దేంతో కొలిచావు?”

చూపించాను.

“సాగేదాంతోనా!”

“మీ ఫ్రెంచాయన లోకంలో కొలబద్దలు మారడం లేదా?”

“ఆ లోకంలో పీపా కూడా మారుతుందే!”

పొయ్యి లోపల, మేం బయట. నీళ్లు కాచడం కూడా రాని మావారు లోపల. ఇల్లలకగానే పండగ కాదంటారు. మాకు మాత్రం గుమ్మం మూసుకోగానే పండగైంది. “సారూ, ఎసరు కాగినాక బియ్యం ఎయ్యి, ముందే ఎయ్యగాకు!” అని గంగులమ్మ పీపా మీదుగా పాఠం చెప్పింది.

అంతలో సిపాయిలు రానే వచ్చారు. పీపాని తోశారు, తన్నారు, “ఖలాస్” అని వదిలేశారు. ఒకడు మాత్రం ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్న మావారిని చూసి ఏదో అడిగాడు. గంగులమ్మ అరబ్బీలో తడుముకోకుండా జవాబిచ్చింది. అందరూ పగలబడి నవ్వుకుంటూ మెట్లు దిగిపోయారు.

“ఏం చెప్పావే?” అన్నాను.

“వంటోడు సామీ, పారిపోకుండా అడ్డం పెట్టినామని చెప్పినా.”

ఆ సాయంత్రం దేవుడి పటం ముందు దీపం పెట్టి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎలాస్టిక్కుతో కొలవను, కొలవక తప్పకపోతే పీపాని కూడా సాగదీస్తాను.

క్షేమంగా ఊరు చేరేదాకా ఆ బియ్యమే మమ్మల్ని సాకింది. ఒక్కతే దాచుకుని తినగలిగీ మా గుమ్మానికి తెచ్చింది ఆ తల్లి. ఈ పూట అన్నం కలుపుకునేటప్పుడు మీరూ మా గంగులమ్మను ఒక్కసారి తలుచుకోండి.